మీటరు బీరువాలో పెట్టెయ్యండి

మంగళవారం ఉదయం పదకొండూ పదికి నాలుగు నెలల పాపను పిల్లల గుండె ఆసుపత్రి ఎమర్జెన్సీకి తెచ్చారు. పెదవులు నీలంగా ఉన్నాయి. ఏడవటం లేదు.

తల్లి ఎత్తుకుని వచ్చింది. వెనకాల నాయనమ్మ పాలసీసాల సంచీతో వచ్చింది. తండ్రి కారు నిలపడానికి చోటు దొరక్క బయటే ఉండిపోయాడు.

కింది నుంచి కబురు వచ్చేసరికి ఫోనక్క రెండో అంతస్తులో తన గదిలో ఉంది. ఆవిడకు వేరే పేరు ఉంది కానీ పిల్లల తల్లులెవరూ ఆ పేరుతో పిలవరు. ఇంటికి పంపిన గుండె జబ్బు పిల్లల బాగోగులు చూసే ఫోను ఆవిడ దగ్గరుంటుంది కాబట్టి ఫోనక్క. పన్నెండేళ్ళుగా అదే పని.

ఆ ఫోను ఎందుకో చెప్పాలి. కొందరు పిల్లలు సగం గుండెతో పుడతారు. రెండు వైపులా చేయాల్సిన పనిని ఒకే వైపు మోస్తుంది. పుట్టిన వారంలోనే మొదటి ఆపరేషన్ చేసి, రక్తం ఊపిరితిత్తులకు వెళ్ళడానికి అగ్గిపుల్ల కన్నా కాస్త లావుండే గొట్టం ఒకటి అతుకుతారు. రెండో ఆపరేషన్‌కు పిల్ల అయిదారు నెలలు పెరగాలి. ఈలోపు ప్రాణం ఆ గొట్టం మీదే నిలుస్తుంది. పాలు తగ్గితే, వాంతులైతే ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడుతుంది. చిక్కబడితే గొట్టం పూడుకుపోతుంది. అందుకే తల్లిదండ్రులకు ఒక తూకం మిషను, పాదానికి చుట్టి ఆక్సిజన్ చూసే మీటరు ఇచ్చి పంపుతారు. రెండుసార్లు కక్కినా, పాలు సగానికి తగ్గినా, మీటరు డెబ్భై అయిదు కన్నా కిందికి దిగినా ఫోన్ చెయ్యాలి. ఏ వేళైనా చెయ్యొచ్చు. అనుమానం వచ్చినా చాలు. ఇవన్నీ ఇంటికి పంపే రోజున ఫోనక్కే కూర్చోబెట్టి నేర్పుతుంది.

ఫోనక్క ఎమర్జెన్సీ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, బల్ల మీదున్న పాపను, గోడ వారగా నిలబడ్డ తల్లిని చూసింది. తర్వాత చేతులు వాటంతట అవే పని మొదలుపెట్టాయి. పాప కాలు పట్టుకుని నరం వెతికింది. మొదటిసారి దొరకలేదు. రెండోసారి దొరికింది.

పెద్ద డాక్టరు పాప ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. చోటు మార్చి మళ్ళీ విన్నాడు. స్టెతస్కోపు తీసి ఫోనక్క చెవులకు అందించాడు.

గొట్టంలో రక్తం పారుతుంటే ఆగకుండా ఒక హోరు వినిపిస్తుంది. ఆ హోరు వినడానికి అలవాటు పడ్డ చెవులు ఆవిడవి. అది వినిపించలేదు.

"లేదు సార్," అంది.

"క్యాథ్ ల్యాబ్‌కు చెప్పండి. రక్తం పలచబడే మందు ఇచ్చెయ్యండి. వస్తున్నామని చెప్పండి." అంటూనే డాక్టరు తల్లి వైపు తిరిగాడు. "ఎప్పట్నుంచమ్మా ఇలా?"

"ఎనిమిదింటికి ఒకసారి కక్కిందండి. తొమ్మిది దాటాక మళ్ళీ. పాలు పట్టబోతే మొహం తిప్పేసింది."

"మీటరు ఎంత చూపించింది?"

"పొద్దున లేవగానే డెబ్భై ఎనిమిది. తర్వాత చూళ్ళేదండి."

"రెండుసార్లు కక్కితే ఫోన్ చెయ్యాలని చెప్పారా లేదా?"

"చెప్పారండి."

"మరి?"

నాయనమ్మ సంచీ కింద పెట్టింది. "అది కాదు బాబూ, మొన్న శుక్రవారం వీళ్ళే కదా..."

తల్లి చెయ్యి వెనక్కి వెళ్ళి అత్తగారి మణికట్టు పట్టుకుంది. గాజు కిందికి జారేంత గట్టిగా పట్టుకుంది.

"నాకు తోచలేదండి. నాదే తప్పు," అంది డాక్టరుతో.

ఫోనక్క సూది కదలకుండా పాప కాలికి ప్లాస్టరు అంటిస్తోంది. ఆ చెయ్యిని చూసింది. నాయనమ్మ నోరు మూసుకోవటమూ చూసింది. శుక్రవారం సంగతి చెప్పాల్సింది తను. ప్లాస్టరు మీద ఇంకో ప్లాస్టరు అంటించింది. ఈలోగా మంచం కదిలించారు.

శుక్రవారం జరిగింది ఇది.

వారం వారం చూపించుకోవడానికి వచ్చే పిల్లల్లో ఆ పాప చివరిది. ఫోనక్కతో పాటు పని చేసే చిన్న నర్సు సెలవులో ఉంది. పొద్దుటి నుంచీ ఆవిడ ఒక్కతే. ఆ తల్లి ఆ వారం చేసినన్ని ఫోన్లు మిగతా తల్లులంతా కలిసి చేసి ఉండరు. పాప తుమ్మితే ఫోన్, గోళ్ళు నల్లగా అనిపిస్తే ఫోన్, ఎక్కువసేపు నిద్రపోతే ఫోన్. నర్సుల గదిలో ఆ తల్లికి అలారం అని పేరు. ఆ పేరు పెట్టింది ఫోనక్కే.

తల్లి వచ్చి కూర్చుంటూనే మొదలుపెట్టింది. "అక్కా, రాత్రి మూడింటికి డెబ్భై ఆరు చూపించింది. మూడున్నరకు డెబ్భై తొమ్మిది. నాలుగింటికి మళ్ళీ డెబ్భై ఏడు."

"అసలు పడుకున్నావా నువ్వు?"

"పడుకోవటమా?" అంది నాయనమ్మ. "దీనికి ఆ మీటరే మొగుడు, ఆ మీటరే బిడ్డ. మా వాడు పక్కన పడుకుంటే వాడి వేలికి పెట్టి చూసింది. నిన్న నా వేలికీ పెట్టింది. తొంభై ఎనిమిదట. ఈ ముసలిది ఇప్పట్లో పోయేట్టు లేదని దిగులు పట్టుకుంది పాపం."

"అత్తయ్యా!" అంటూ తల్లి కూడా నవ్వింది.

ఫోనక్క నవ్వలేదు. నడుం నొప్పిగా ఉంది. బల్ల మీద ఫోను మళ్ళీ మోగుతోంది.

"చూడమ్మా, నువ్వు పాపను చూడటం లేదు, మీటరును చూస్తున్నావు. బీరువాలో పెట్టెయ్యండి దాన్ని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యలో తియ్యొద్దు." నాయనమ్మ వైపు తిరిగింది. "తాళం మీ దగ్గర పెట్టుకోండి పెద్దమ్మా. అడిగినా ఇవ్వకండి."

"అట్లా చెప్పండి తల్లీ. నా మాట వింటుందా?"

"నువ్వు కూడా ప్రతిదానికీ నాకు ఫోన్ చెయ్యకు. ఫోను ఒక్కటే ఉంది. నిజంగా బాగాలేని పిల్లల వాళ్ళు చేస్తే ఎంగేజ్ వస్తోంది."

తల్లి మొహం చిన్నబుచ్చుకుంది. "సరే అక్కా," అంది.

మీటరు రోజుకు రెండుసార్లు చూస్తే చాలన్నది అందరికీ చెప్పే సలహాయే. కంగారు పడే తల్లులకు మరీ మరీ చెబుతారు. ఫోన్ చెయ్యకు అనే మాట మాత్రం ఆ గదిలో ఎవరూ ఎవరితోనూ అనకూడదు. కొత్తగా చేరే నర్సులకు మొదటి రోజు ఫోనక్క నేర్పేది అదే.

మధ్యాహ్నానికి క్యాథ్ ల్యాబ్‌లో గొట్టం తెరుచుకుంది. తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి, దాని చివర బుడగ ఉబ్బించి దారి చేశారు. పాపను ఐసీయూకు మార్చారు. నోట్లో గొట్టం, మిషన్ మీద ఊపిరి.

పెద్ద డాక్టరు తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పాడు. గుండె వరకు గండం గడిచింది. మెదడుకు కాసేపు రక్తం చాల్లేదు. దాని సంగతి పాప లేచాకే తెలుస్తుంది.

తండ్రి విన్నాడు. లేచి భార్య పక్క కుర్చీలోంచి ఎదుటి వరస కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాడు.

బయట నడవాలో డాక్టరు ఫోనక్కతో అన్నాడు. "ఈ పాపను ఇక ఇంటికి పంపొద్దు. రెండో ఆపరేషన్ అయ్యేదాకా ఇక్కడే వార్డులో ఉంచుదాం. ఆ తల్లికి ప్రమాదం ఏదో, కానిదేదో తెలియటం లేదు. ఆవిణ్ణి నమ్మి పంపలేం."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

"సరే సార్," అంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళింది. ఆవిడ భర్త కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు. ఆ వేళకు షాపు కట్టేసి వచ్చి అన్నం వడ్డించుకుంటున్నాడు. ఆవిడకూ వడ్డించాడు. ఆవిడ కంచం ముందు కూర్చుని జరిగిందంతా చెప్పింది.

"అందరికీ చెప్పే సలహాయే కదా," అన్నాడు.

"మొదటి సగం."

"రెండో సగం?"

"అది నా విసుగు."

ఆయన కూర గిన్నె ఆవిడ వైపు జరిపాడు. "ఆ అమ్మాయి నీ పేరు చెప్పలేదంటున్నావు."

"చెప్పలేదు."

"మరి నువ్వెందుకు కోరి నెత్తికి ఎత్తుకుంటావు? ఉద్యోగం పోతుంది. పన్నెండేళ్ళలో ఎంతమంది పిల్లలు నీ చేతుల మీదుగా బతికారు? వాళ్ళ సంగతీ చూడు."

"వాళ్ళెవరూ నాకోసం అబద్ధం చెప్పలేదు. ఈ అమ్మాయి చెప్పింది. కూతురు నీలంగా మారిపోయి బల్ల మీదుంటే, నన్ను కాపాడాలని తోచింది దానికి. నేను వింటూ నిలబడ్డాను."

"తిను ముందు."

"దాన్ని చేతకానిదని తేల్చేశారు. సరే సార్ అన్నాను. నా నోటితో అన్నాను."

ఆయన లేచి కంచం తీసి మూత పెట్టాడు.

బుధవారం ఉదయం డాక్టర్లు రౌండ్స్‌కు రాకముందే ఆవిడ ఐసీయూ దగ్గరికి వెళ్ళింది. తల్లి బయట కుర్చీలో ఉంది. పాప తాగకపోయినా పాలు ఆగిపోకూడదని నర్సులు పిండించిన పాల సీసా చేతిలో ఉంది. దాని మీద అంటించిన చీటీని గోటితో గీకుతోంది. నాయనమ్మ మొహం కడుక్కోవడానికి వెళ్ళిందట. తండ్రి కిందెక్కడో ఉన్నాడట.

ఫోనక్క పక్కన కూర్చుంది. "నిన్న డాక్టరుగారితో అలా ఎందుకు చెప్పావు?"

"ఎలా అక్కా?"

"నీదే తప్పని."

తల్లి సీసా రెండో చేతిలోకి మార్చుకుంది. "మీకు కోపం వస్తే? పాప బతికి ఇంటికొస్తే మళ్ళీ నేను ఫోన్ చెయ్యాలి కదా. ఎత్తేది మీరే."

ఫోనక్క జేబులోని ఫోనును చేత్తో తడుముకుంది.

"నన్ను అలారం అంటారు కదా మీరు," అంది తల్లి.

"ఎవరు చెప్పారు?"

"మీరే. పాపకు రెండో నెల్లో. నేను ఫోన్ చేస్తే చూసి చెప్తానన్నారు, చెప్పారు. తర్వాత ఫోన్ పెట్టేశాననుకున్నారేమో, అది కట్ కాలేదు. 'అలారం ఆగింది, పదండి టీ తాగుదాం' అన్నారు. అందరూ నవ్వారు. ఇంకొకావిడ, దాని బ్యాటరీ ఎప్పుడు అయిపోతుందో అంది."

ఆ మాటా, ఆ నవ్వూ ఫోనక్కకు గుర్తులేవు. ఆ గదిలో అలాంటివి రోజూ అనుకునేవే.

"అయినా చేస్తూనే ఉన్నావు," అంది ఫోనక్క.

"చెయ్యకపోతే ఎట్లా అక్కా? చేసేదాన్ని. కాకపోతే చేసే ముందు ప్రతిసారీ కాసేపు ఆగేదాన్ని. నవ్వుతారేమో అని. నిన్న ఇంకొంచెం ఎక్కువసేపు ఆగాను. అంతే."

తిట్టినట్టు అనలేదు. పాల కొలత చెప్పినట్టు చెప్పింది. తల్లి అలా చెప్పినందుకే ఫోనక్కకు తలెత్తి చూడటానికి మొహం చెల్లలేదు. లేచి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడింది.

నడవా చివర డాక్టర్లు వస్తున్నారు. పెద్ద డాక్టరు ముందు, వెనక ఇద్దరు చిన్న డాక్టర్లు, సెలవు ముగించుకుని వచ్చిన చిన్న నర్సు. నాయనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ వెనక తండ్రి.

"సార్, లోపలికి వెళ్ళేముందు ఒక మాట. వీళ్ళ ముందే చెప్పాలి," అంది ఫోనక్క.

"రౌండ్స్ అయ్యాక చూద్దాం."

"నిన్న మీరు ఫోన్ ఎందుకు చెయ్యలేదని అడిగినప్పుడు నేనక్కడే ఉన్నాను సార్. నాకు తెలుసు. చెప్పలేదు."

పెద్ద డాక్టరు ఆగాడు.

ఆవిడ శుక్రవారం అన్న మాటలు అన్నట్టుగానే చెప్పింది. మీటరు బీరువాలో పెట్టమన్నది, తాళం పెద్దమ్మ దగ్గర ఉంచమన్నది, అడిగినా ఇవ్వొద్దన్నది, ప్రతిదానికీ ఫోన్ చెయ్యకు అన్నది. అలారం అని పేరు పెట్టింది తనేనని, అది ఆ అమ్మాయి చెవిన పడిందని చెప్పింది. అలసటగా ఉన్న సంగతి చెప్పలేదు. చిన్న నర్సు నేల చూపులు చూసింది.

"అక్కా, ఎందుకిప్పుడు ఇవన్నీ," అంది తల్లి.

"ఉండు," అంది నాయనమ్మ కోడలితో. డాక్టరు వైపు తిరిగింది. "బాబూ, ఇది ఎనిమిదిన్నరకు ఒకసారి అడిగింది, అత్తయ్యా తాళం ఇవ్వండి అని. తొమ్మిదిన్నరకు మళ్ళీ అడిగింది. ఆవిడ వద్దంది కదే, సాయంత్రం దాకా ఆగు అన్నాను. ఆవిడ అన్నది నిజం. తాళం వేసింది నేను. మేమిద్దరం చేసిన పనికి నిన్నట్నుంచీ ఇది ఒక్కతే తప్పు నాదంటోంది." ఫోనక్కను కిందా మీదా చూసింది. "నిన్న నోరెక్కడ పెట్టుకున్నావు తల్లీ?"

"పెద్దమ్మా..."

"పెద్దమ్మా లేదు, గిద్దమ్మా లేదు. నా కొడుకు నిన్నట్నుంచీ పెళ్ళాంతో ఒక్క మాట మాట్లాడలేదు. మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. చూస్తూ కూర్చున్నాను, నా నోరు పట్టేసుకుంది ఇది. నీకేమైంది?"

ఫోనక్క ఉన్నచోటే నిలబడింది.

తండ్రి గొంతు సవరించుకున్నాడు. వెళ్ళి భార్య పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ఇటు తిరగలేదు. చేతిలోని పాలసీసా అతనికి ఇచ్చింది, లోపల నర్సుకు ఇచ్చి రమ్మంది. అతను లేచి ఇచ్చి వచ్చాడు.

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "మిమ్మల్ని నమ్మి పాపను ఇంటికి పంపలేమని నిన్న నర్సుతో అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా," అన్నాడు తల్లితో. "పాప కోలుకుంటే ఎక్కడుండాలో మనం కలిసి అనుకుందాం." తర్వాత ఫోనక్కతో అన్నాడు. "మీరు మధ్యాహ్నం నా గదికి రండి. ఈలోపు ఫోను ఆ అమ్మాయికి ఇచ్చెయ్యండి."

ఆవిడ జేబులోంచి ఫోను తీసి చిన్న నర్సుకు ఇచ్చింది. చిన్న నర్సు దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"అది ఎప్పుడు మోగినా ఎత్తు," అంది ఫోనక్క. "ఎత్తాక, పెట్టేశావో లేదో చూసుకో."

మధ్యాహ్నం డాక్టరు గదిలో ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు కూర్చున్నారు. ఆవిడ మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. విచారణ పూర్తయ్యేవరకు ఇంటికి పంపిన పిల్లల పని ఆవిడ చూడకూడదన్నారు. వార్డులో పని చెయ్యొచ్చన్నారు. ఏ వార్డు అని అడిగితే ఆవిడ ఐసీయూ అంది. తల్లికి అభ్యంతరం లేకపోతేనే అన్నారు. తల్లిని అడిగి వచ్చిన చిన్న డాక్టరు, "ఉండమన్నారు సార్. ఆవిడ చేతులు మంచివేగా అన్నారు," అని చెప్పాడు.

గురువారం పాప నోట్లోంచి గొట్టం తీశారు. ఏడ్చింది. గొంతు బొంగురుపోయి ఆ ఏడుపు పెద్దగా వినిపించలేదు. నాయనమ్మ మాత్రం తలుపు బయట నుంచే విని లోపలికి రాబోతే ఆపాల్సి వచ్చింది.

మీటరు ఎనభై ఒకటి చూపిస్తోంది. ఫోనక్క పాప ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నది. హోరు ఉంది. స్టెతస్కోపు తల్లి చెవులకు పెట్టి వినిపించింది. "ఇది వినిపించకపోతే నాకు చెప్పనక్కర్లేదు. ఎవరికీ చెప్పనక్కర్లేదు. నేరుగా వచ్చెయ్యి." తల్లి చాలాసేపు విన్నది. తీసి ఇచ్చేసింది.

శుక్రవారం పాప సీసాతో కాసిని పాలు తాగింది. కక్కలేదు. కుడి చేత్తో తల్లి వేలు పట్టుకుంది. ఎడమ చేతిలో వేలు పెడితే పట్టుకోలేదు. ఫోనక్క అరచేతిలో గీసి చూసింది, మోచేతి దగ్గర గిల్లి చూసింది. పాప మొహం చిట్లించింది, చెయ్యి కదపలేదు. పెద్ద డాక్టరును పిలిచింది. ఆయన నరాల డాక్టరును పిలిపించాడు. తల స్కానులో కుడివైపు ఒక మచ్చ కనిపించింది.

నరాల డాక్టరు తల్లిదండ్రులకు బొమ్మ గీసి చూపించాడు. ఈ వయసు పిల్లల్లో కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి కొంతే వస్తుంది, ఇప్పుడే ఏదీ చెప్పలేమన్నాడు. వ్యాయామం చేయించాలన్నాడు. భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు, ఆ వరసలో. ఎలాగో ఫోనక్క తల్లికి చూపించింది. తల్లి నేర్చుకుంది. తండ్రీ నేర్చుకున్నాడు. తాళం వేసిన చేత్తో ముట్టుకోనంది నాయనమ్మ.

శనివారం ఇద్దరూ వంతులవారీగా చేయించారు. సాయంత్రం డ్యూటీ దిగే ముందు ఫోనక్క వచ్చి పాప ఎడమ అరచేతిలో తన వేలు పెట్టింది. తల్లి అటువైపు నిలబడి చూసింది.

వేళ్ళు ముడుచుకోలేదు.